చిక్కటి ఉలవచారు ఇంట్లోనే: నానబోయడం దగ్గర్నుంచి తాలింపు దాకా

ఉలవచారులో మనం తినేది ఉలవల్ని కాదు, ఉలవలు ఉడికిన నీళ్ళని. పప్పుచారుకైతే పప్పు మెత్తగా ఎనిపి కలుపుతాం, సాంబారుకూ అంతే. ఉలవచారు పద్ధతి వేరు. గింజలోని రంగు, రుచి, జిగురు నీళ్ళలోకి దిగేదాకా ఉడికించి, గింజల్ని వడగట్టి తీసేసి, మిగిలిన నీళ్ళని సగానికి మరిగిస్తాం. ఆ నీళ్ళనే ఉలవకట్టు అంటారు. కృష్ణా, గుంటూరు వైపు ఎడ్లకీ పాడిగేదెలకీ ఉలవలు ఉడకేసి దాణాగా పెట్టే రోజుల్లో గింజలు కొట్టంలోకి, కట్టు వంటింట్లోకి వెళ్ళేవి. కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కాగబట్టే ఆ చారు అంత చిక్కగా ఉండేది.

కుక్కరుతో, గ్యాసు పొయ్యి మీద కూడా ఆ చిక్కదనం తప్పకుండా వస్తుంది. తొందరపడి బియ్యప్పిండో కార్న్‌ఫ్లోరో కలిపితే మాత్రం చారు గంజిలా తయారవుతుంది, ఉలవ రుచి వెనక్కిపోతుంది. రాత్రి నానబోసి పడుకుంటే మర్నాడు రెండు గంటల చిల్లర పని. అందులో పొయ్యి దగ్గర నిలబడాల్సింది అరగంటే, మిగతాదంతా దానంతట అదే ఉడికే సమయం.

కావలసినవి

ఐదారుగురికి సరిపోయే కొలత ఇది. ఉలవచారు ఘాటుగా ఉంటుంది కాబట్టి మనిషికి రెండు మూడు గరిటెలు చాలు.

ఉలవలు ఒక కప్పు (240 మిల్లీలీటర్ల కప్పుతో, సుమారు 200 గ్రాములు). నానబోయడానికీ ఉడకడానికీ కలిపి 2 లీటర్ల నీళ్ళు. చింతపండు పెద్ద నిమ్మకాయంత, అంటే 25 నుంచి 30 గ్రాములు. పాత చింతపండైతే రంగు బాగా వస్తుంది. మధ్యరకం ఉల్లిపాయలు రెండు, పచ్చిమిర్చి నాలుగు, వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది. కారం ఒక చెంచా, ధనియాలపొడి ఒక చెంచా, పసుపు పావు చెంచా, బెల్లం చిన్న ఉసిరికాయంత. ఉప్పు ఒకటిన్నర చెంచా దాకా పడుతుంది, కానీ ఎప్పుడు వేయాలో కింద చెప్పిన చోటే వేయండి. తాలింపుకు నూనె రెండు పెద్ద చెంచాలు, ఆవాలు, జీలకర్ర అర చెంచా చొప్పున, ఎండుమిర్చి మూడు, కరివేపాకు రెండు రెబ్బలు, ఇంగువ చిటికెడు. వడ్డించేటప్పుడు పాలమీగడ గానీ వెన్న గానీ ఉండాలి. ఇది అలంకారం అనుకోవద్దు, ఎందుకో వడ్డన దగ్గర చెబుతాం.

ఉలవల ఎంపిక, రాళ్ళు గాలించడం

గోధుమరంగు ఉలవలు, నల్ల ఉలవలు రెండూ బజార్లో దొరుకుతాయి. చారుకు ఏదైనా పనికొస్తుంది, నల్లవాటితో రంగు ముదురుగా వస్తుంది. రంగుకన్నా ముఖ్యం గింజ వయసు. ఆ ఏటి పంటైతే గింజ నునుపుగా, కాస్త మెరుపుతో ఉంటుంది. ఏడాది దాటి డబ్బాలో మగ్గిన ఉలవలు వెలిసినట్టు కనిపిస్తాయి, ఎంత నానబోసినా లోపల గట్టిదనం పోదు. వేడి, తేమ ఉన్నచోట ఎక్కువకాలం నిలవుంటే పప్పుధాన్యాలన్నిటికీ వచ్చే జబ్బే ఇది. అలాంటివి చేతిలో ఉంటే పారేయనక్కర్లేదు, కుక్కర్లో మరో ఇరవై నిమిషాలు ఉంచాలి.

ఉలవల్లో రాళ్ళు తప్పనిసరిగా ఉంటాయి. అవి గింజ రంగులోనే, గింజంతే ఉంటాయి కాబట్టి చేటలో వేసి ఏరినా ఒకటో రెండో మిగిలిపోతాయి. అందుకే గాలించాలి. ఉలవల్ని వెడల్పాటి గిన్నెలో పోసి, నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు నింపండి. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ, పైకి లేచిన గింజల్ని నీళ్ళతో పాటు కొద్దికొద్దిగా ఇంకో గిన్నెలోకి వంచండి. రాయి బరువు కాబట్టి అడుగునే జారుతూ వెనక మిగులుతుంది. చివర గుప్పెడు గింజలు ఉన్నప్పుడు ఆపి, ఆ గుప్పెడునీ వేళ్ళతో తడిమి చూడండి. ఇలా రెండుసార్లు చేస్తే చాలు. మట్టి వదిలి నీళ్ళు తేటపడేదాకా ఇంకో మూడుసార్లు కడగండి. ఈ కడుగులో బద్ధకించకూడదు, ఎందుకంటే నానబోసిన నీళ్ళనే చారుకు వాడబోతున్నాం.

నానబోయడం

కడిగిన ఉలవల్లో 2 లీటర్ల మంచినీళ్ళు పోసి 10 నుంచి 12 గంటలు ఉంచండి. పొద్దున చూస్తే నీళ్ళు లేత ఎరుపు తిరిగి ఉంటాయి, గింజ రెట్టింపవుతుంది. వేలితో నొక్కితే పొట్టు జారాలి. ఎండాకాలంలో ఎనిమిది గంటలు చాలు. అంతకుమించి బయట ఉంచితే నురగ కట్టి పులిసిన వాసన వేస్తుంది, అలా అయిన నీళ్ళు వాడకండి. ఎండలు మండే రోజుల్లో ఫ్రిజ్‌లో పెట్టి నానబెట్టడమే మేలు.

కొన్ని గింజలు ఎంత నానినా ఉబ్బకుండా చిన్నగా, గట్టిగా ఉండిపోతాయి. వాటి పొట్టు నీళ్ళను లోపలికి రానివ్వదు. గుప్పెట్లో పదో పదిహేనో ఉంటే పట్టించుకోనక్కర్లేదు.

నానిన నీళ్ళు పారబోయాలా, ఉంచాలా అన్నదాని మీద ఇళ్ళల్లో రెండు మాటలుంటాయి. రంగూ రుచీ కొంత అప్పటికే వాటిలోకి దిగి ఉంటాయి కాబట్టి ఉంచడమే సరైన పద్ధతి. అయితే పప్పుధాన్యాల్లో కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కూడా ఈ నీళ్ళలోకే దిగుతాయి. ఇంట్లో గ్యాస్ బాధ ఉన్నవాళ్ళుంటే ఈ నీళ్ళు వంచేసి కొత్తవి పోయండి. చారు రంగు ఒక ఛాయ తగ్గుతుంది, అంతకన్నా నష్టం లేదు.

బోరునీళ్ళ ఊళ్ళలో ఇంకో చిక్కు. నీళ్ళలో సున్నం ఎక్కువుంటే గింజ మెత్తబడదు. అలాంటిచోట ఫిల్టరు నీళ్ళు వాడితే సమస్య తీరుతుంది. సోడా వేస్తే తొందరగా ఉడుకుతాయన్న మాట నిజమే గానీ చారుకు సబ్బు లాంటి రుచి వస్తుంది. మరీ తప్పనిసరైతే చిటికెడుకు మించకూడదు.

ఉడికించడం

ఐదు లీటర్ల కుక్కరు తీసుకుని నానిన ఉలవల్ని నీళ్ళతో సహా పోయండి. పప్పుధాన్యాలు ఉడికేటప్పుడు నురగ పొంగుతుంది కాబట్టి కుక్కరు సగానికి మించి నిండకూడదు, ఈ కొలత ఐదు లీటర్ల దాంట్లో సగం లోపే ఉంటుంది. మూడు లీటర్ల కుక్కరే ఉంటే అన్నీ సగం చేసుకోండి. ఒక చెంచా నూనె వేస్తే నురగ అణుగుతుంది. ఉప్పు, చింతపండు ఇప్పుడు వద్దు.

ఈ రెంటికీ కారణాలు వేరు. పులుపు తగిలితే గింజ గట్టిపడి ఎంతసేపున్నా మెత్తబడదు, అందుకని చింతపండు చివరికి. ఉప్పు వేస్తే ఉడకవన్నది అంత నిజం కాదు, నిజానికి ఉప్పునీళ్ళలో నానితే గింజ ఇంకా మెత్తగా ఉడుకుతుంది. కానీ ఈ నీళ్ళు తర్వాత సగానికి మరిగిపోతాయి. ఇప్పుడు సరిపోయిన ఉప్పు అప్పటికి రెట్టింపు ఘాటవుతుంది.

మూత పెట్టి పెద్ద మంట మీద మొదటి విజిల్ రానిచ్చి, మంట బాగా తగ్గించి 45 నిమిషాలు ఉంచండి. విజిళ్ళు లెక్కపెట్టే అలవాటున్నవాళ్ళకు మధ్యస్తం మంట మీద పది పన్నెండు. నిమిషాల లెక్కే నమ్మకమైనది, ఎందుకంటే ఒక్కో కుక్కరు ఒక్కోలా కూస్తుంది. కరెంటు కుక్కరు, అంటే ఇన్‌స్టంట్ పాట్ లాంటిదైతే హై ప్రెషర్‌లో 50 నిమిషాలు. ఆవిరి దానంతట అదే దిగాలి. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేస్తే ఉలవ పొట్టు, నురగ గొట్టంలోకి తన్నుకొచ్చి అడ్డుపడతాయి. వంటయ్యాక ఆ గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూసి కడిగి పెట్టుకోండి.

మూత తీశాక ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే ముద్దయిపోవాలి. పలుకు తగిలితే ఇంకో పదిహేను నిమిషాలు పెట్టండి. పలుకున్న గింజ తన జిగురు ఇంకా నీళ్ళకు వదల్లేదని గుర్తు, అలా వడగడితే తర్వాత ఎంత మరిగించినా కట్టు పలచగానే ఉంటుంది.

జల్లెడలో పోసి గింజల్ని గరిటెతో కాస్త అదిమి వడగట్టండి. లీటరున్నర దాకా కట్టు వస్తుంది. ఉడికిన గింజల్లోంచి అర కప్పు తీసి, చల్లారాక కొద్దిగా కట్టు పోసి మిక్సీలో వెన్నలా రుబ్బి పక్కన పెట్టుకోండి. అర కప్పుకు మించి రుబ్బి కలిపితే చారు పప్పులా ముద్దకడుతుంది.

కట్టు మరిగించడం

ఈ వంటకంతటికీ అసలైన పని ఇక్కడే ఉంది, చాలామంది కుదించేదీ ఇక్కడే. అడుగు మందంగా ఉన్న వెడల్పు గిన్నెలో కట్టు పోసి మధ్యస్తం మంట మీద పెట్టండి. వెడల్పు గిన్నెలో ఆవిరి తొందరగా పోతుంది, లోతు గిన్నెలో అదే పనికి రెట్టింపు సమయం పడుతుంది. స్టీలు గిన్నె, కళాయి పూసిన ఇత్తడి గిన్నె, మట్టికుండ, రాచ్చిప్ప ఏదైనా బాగుంటుంది. ఉత్త అల్యూమినియం వద్దు, తర్వాత చింతపండు పులుపు తగిలి లోహపు రుచి వస్తుంది.

పుల్ల గీసి పెట్టుకోవడం మంచి పద్ధతి. శుభ్రమైన చెక్క గరిటెను నిలువుగా ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. తడి ఆ ఎత్తులో సగానికి దిగినప్పుడు కట్టు సుమారు 750 మిల్లీలీటర్లయినట్టు. దీనికి 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది.

ఈలోగా కట్టు మూడు దశలు మారుతుంది. మొదట పైన తెల్లటి నురగ, పచ్చి వాసన. నురగ తీసేయండి. పావుగంటకు పచ్చి వాసన పోయి, వేయించిన పల్లీల్ని గుర్తుచేసే కమ్మటి వాసన మొదలవుతుంది, రంగు ఎర్రమట్టి నీళ్ళలా ఉంటుంది. ఇంకో పావుగంటకు రంగు కాఫీ డికాషన్‌కు దగ్గరపడుతుంది. అప్పటిదాకా గలగల మరుగుతున్న చిన్న బుడగలు పోయి, పెద్ద బుడగలు నెమ్మదిగా లేచి కుతకుతమంటాయి. ఆ చప్పుడు మారినప్పటినుంచీ పొయ్యి వదలకండి, అడుగు పడుతుంది. అడుగంటిన కట్టుకు చేదు వస్తుంది, ఆ చేదును బెల్లం కూడా కప్పదు. పొరపాటున అంటుకుంటే గోకకుండా పైదంతా మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకోండి.

ముందే తాలింపు వేసి అందులోనే కట్టు పోసి మరిగించే పద్ధతి కూడా కొన్ని ఇళ్ళల్లో ఉంది. దాంట్లో గిన్నె ఒకటి తగ్గుతుంది గానీ, నలభై నిమిషాల మరుగులో కరివేపాకు వాసన, ఇంగువ వాసన ఆవిరైపోతాయి. కట్టు విడిగా మరిగించి తర్వాత తాలింపులో కలపడమే మా లెక్కలో మెరుగు.

తాలింపు, పులుపు

కట్టు మరుగుతుండగానే చింతపండును అర కప్పు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా పిసికి వడగట్టుకోండి. కడాయిలో నూనె కాగాక ఆవాలు వేసి చిటపటలాడనిచ్చి, జీలకర్ర, ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి వేయండి. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే ఇంగువ, కరివేపాకు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, పొడుగ్గా తరిగిన ఉల్లిపాయలు. ఉల్లిపాయ మెత్తబడి అంచులు బంగారు రంగు తిరగాలి, మాడకూడదు. పసుపు, కారం, ధనియాలపొడి వేసి నాలుగు తిప్పులు తిప్పి వెంటనే చింతపండు పులుసు పోయండి. కారం నూనెలో అరనిమిషం మించి ఉంటే నల్లబడుతుంది.

పులుసు ఐదు నిమిషాలు మరిగి పచ్చిపులుపు వాసన పోయాక మరిగిన కట్టు, రుబ్బిన ముద్ద, బెల్లం, ఒక చెంచా ఉప్పు వేసి కలపండి. ముద్ద పడ్డాక అడుగు ఇంకా తొందరగా అంటుతుంది, సన్నటి మంట మీద గరిటె ఆడిస్తూ 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. ఉప్పు చివర్లో రుచి చూసి సరిచేసుకోండి.

దించడానికి గుర్తు ఇది: చల్లటి పళ్ళెంలో ఒక చెంచా చారు వేసి పళ్ళెం వంచండి. చుట్టూ నీళ్ళు విడిపోయి పారితే ఇంకా ఉడకాలి. మొత్తం ఒక్కటిగా నెమ్మదిగా జారితే సరిపోయింది. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి వేడి మీద కోరుకున్నదానికన్నా కాస్త పలచగా ఉన్నప్పుడే దించండి.

తేడా వస్తే

పులుపు ఎక్కువైతే ముందు ఒక పెద్ద చెంచా ఉలవముద్ద కలిపి చూడండి, తర్వాతే బెల్లం. బెల్లంతోనే సరిచేయబోతే చారు పాకంలా తీపెక్కుతుంది. ఉప్పు ఎక్కువైతే మిగిలిన ఉడికిన గింజల్ని కప్పు వేడినీళ్ళలో రుబ్బి వడగట్టి ఆ నీళ్ళు పోయండి. ఉత్తనీళ్ళు పోస్తే ఇంతసేపు మరిగించినదంతా వృథా. చారు పలచగా ఉండి పైన నీళ్ళు తేలుతున్నాయంటే కట్టు సరిగా మరగలేదన్నమాట, మూత తీసి ఇంకో పది నిమిషాలు ఉంచితే కలుస్తుంది. నోట్లో వగరుగా తగిలితే పొట్టులోని వగరు. పులుపూ బెల్లం చాలనప్పుడు అది పైకి వస్తుంది, రెండూ కొంచెం కొంచెంగా పెంచండి.

వడ్డన, నిలవ

పొగలు కక్కే అన్నంలో ఉలవచారు పోసి పైన మీగడో వెన్నో వేసుకుంటారు. ఆ కొవ్వు ఉలవ వగరును మెత్తబరుస్తుంది, పులుపూ కారమూ నాలుక మీద కుదురుకుంటాయి. మీగడను పొయ్యి మీదున్న చారులో మాత్రం కలపకండి, చింతపండు పులుపుకు విరిగి తెల్లటి రవ్వలు తేలతాయి. కంచంలోనే వేసుకోవాలి. పక్కన వడియాలో అప్పడాలో ఉంటే చాలు. పాల పదార్థాలు తిననివాళ్ళు ఒక చెంచా నువ్వులనూనె వేసుకోవచ్చు. ఉలవలు వేడి చేస్తాయని పెద్దవాళ్ళు ఈ చారును వానల్లో, చలికాలంలో ఎక్కువ చేస్తారు, భోజనం చివర మజ్జిగ తప్పనిసరి అంటారు.

మొదటిరోజు కన్నా రెండోరోజు రుచి బాగుంటుంది. చల్లారాక గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. కావలసినంత విడిగా తీసి వేడి చేసుకోండి, మొత్తం సీసాను రోజూ బయటపెట్టి లోపలపెట్టడం వల్లే పాడవుతుంది. ఎక్కువ చేసుకోవాలనుకునేవాళ్ళు తాలింపు వేయని మరిగిన కట్టును ఫ్రీజర్‌లో నిలవ చేసుకుంటే, కావలసినరోజు పావుగంటలో చారు సిద్ధం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళకు ఉలవలు ఇండియన్ స్టోర్లలో హార్స్ గ్రామ్ అనో, హిందీలో కుల్తీ అనో పేరుతో దొరుకుతాయి. తమిళుల కొట్లలో కొళ్ళు అంటారు, కన్నడిగులు హురళి అంటారు. అసలు దొరకకపోతే అలసందలతో (బొబ్బర్లతో) ఇదే పద్ధతిలో చేయొచ్చు, కుక్కర్లో 20 నిమిషాలు చాలు. రంగు అంత రాదు, రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి బెల్లం మానేయండి. రాజ్మాతో చేయాలనుకుంటే ఒక జాగ్రత్త: పచ్చి రాజ్మాలో కడుపును గట్టిగా దెబ్బతీసే పదార్థం ఉంటుంది, సన్నటి వేడి మీద ఉడికించే స్లో కుక్కర్లో అది పోదు. నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు గలగలా మరగాలి, లేదా ప్రెషర్ కుక్కర్లోనే వండాలి.

ఇక వడగట్టగా మిగిలిన రెండు కప్పుల గింజలు. కట్టు రుచి లాగేసినా వాటిలో మాంసకృత్తులు చాలావరకు ఉండనే ఉన్నాయి. ఎండు ఉలవల్లో 100 గ్రాములకు సుమారు 22 గ్రాములు ఉంటాయి. వీటిని పారేయకుండా గుగ్గిళ్ళు చేయండి. కడాయిలో చెంచా నూనె వేసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేగాక గింజలు, ఉప్పు వేసి తడి ఆరేదాకా ఐదు నిమిషాలు వేయించండి. దించాక పచ్చికొబ్బరి తురుము రెండు చెంచాలు, నిమ్మకాయ అర చెక్క. గింజ బాగా ఉడికి ఉంటుంది గనక గరిటెతో గట్టిగా కలిపితే ముద్దవుతుంది, కడాయిని పట్టుకుని ఎగరేస్తూ కలుపుకోండి.